పులస గోదావరి ఎక్కేటప్పుడు దాని ఒంట్లో ఉప్పు సంగతేంటి?

ప్రశ్న (ఇంటర్ బైపీసీ, నరసాపురం):
ద్రవాభిసరణకు శక్తి అక్కర్లేదని చదివాం. నీరు పలచని వైపు నుంచి చిక్కని వైపుకు దానంతటదే వెళ్తుంది. అలాగైతే సముద్రంలో విలస ఎండిపోవాలి, వరదకు గోదావరి ఎక్కి పులస అయ్యాక ఉబ్బిపోవాలి. రెండూ జరగవు. చెరువు బొచ్చెను సముద్రంలో వదిలితే మాత్రం బతకదంటారు నాన్న. పైగా గైడ్‌లో మొప్పలు ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) ఖర్చు చేస్తాయని ఉంది. ఇంతకీ శక్తి కావాలా, వద్దా? ఎల్లుండే టెస్టు, టెన్షన్‌గా ఉంది.

జవాబు (జువాలజీ లెక్చరర్, అమలాపురం):
అమ్మా, మంచి అనుమానమే వచ్చింది నీకు. నీటి లెక్క, ఉప్పు లెక్క విడదీసి చూడు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప రక్తంలో అందులో మూడో వంతు. నదిలో అర గ్రాము కూడా ఉండదు. అందుకే సముద్రంలో మొప్పల గుండా నీరు బయటికి పోతూనే ఉంటుంది, ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టు. దీనికి ఖర్చు లేదు, పూర్తిగా ఆపడం చేప తరమూ కాదు. ఆ లోటు తీర్చుకోవడానికి సముద్రపు నీరే తాగుతుంది. దాంతో వచ్చిపడే ఉప్పును బయటికి నెట్టాలి కదా, ఖర్చంతా అక్కడే.

మొప్పల్లోని క్లోరైడ్ కణాల పొరలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. ఒక్కో ఏటీపీకి 3 సోడియం అయాన్లను కణం బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఉప్పును సముద్రంలోకి నెట్టే బలం దీనిదే. 1957లో దీన్ని కనిపెట్టిన యెన్స్ స్కౌకి 1997 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది.

అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠలోకి మళ్లాక అంతా తిరగబడుతుంది. నీరు లోపలికి చొరబడుతుంది. చేప తాగడం దాదాపు మానేసి, పలచటి మూత్రం ఎక్కువగా వదులుతుంది. నదిలో ఉన్న ఆ కాస్త ఉప్పునూ మొప్పలు ఏరి లోపలికి లాక్కుంటాయి, దీనికీ ఏటీపీ కావాలి. పులసకు రెండు పద్ధతులూ వచ్చు, బొచ్చెకు మంచినీటిది ఒక్కటే.

కాబట్టి ద్రవాభిసరణకు శక్తి అక్కర్లేదనే రాయి. ఏటీపీ ఖర్చయ్యేది ఉప్పును మోయడానికి.

జవాబు (రొయ్యల రైతు, భీమవరం వైపు):
మేడమ్ గారూ, పొటాషియం అన్నారు కాబట్టి చెబుతున్నానండి. ఉప్పు తక్కువున్న నీళ్లలో వనామీ వేస్తే మేం పొటాష్, మెగ్నీషియం చల్లాల్సిందే. లేదంటే గుల్ల విడిచే రోజుల్లో రొయ్య నీరసించి చచ్చిపోతుంది. పొటాష్ ఆ పంపు కోసమేనాండి?

జవాబు (జువాలజీ లెక్చరర్):
ముఖ్యంగా దానికేనండి. మెగ్నీషియం కూడా అక్కడికే వస్తుంది. ఏటీపీ మెగ్నీషియంతో జతకడితేనే పంపుకు పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది మేడమ్. మన ఒంట్లో కూడా ఈ పంపు ఉంటుందా?

జవాబు (జువాలజీ లెక్చరర్):
దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుందమ్మా. నాడీ కణాలకైతే మరీ ముఖ్యం, సోడియం బయట, పొటాషియం లోపల ఎక్కువగా ఉంటేనే సంకేతం నడుస్తుంది. ఆ పాఠంలో ఈ 3, 2 మళ్లీ వస్తాయి, గుర్తుపెట్టుకో.