యాగీ యాంటెనా లాభాన్ని (గెయిన్, అంటే ఒక దిక్కుకు సిగ్నల్‌ను ఎంత బలంగా పంపుతుందో) పొలంలో కొలిచే పద్ధతి చెప్పగలరు

ప్రశ్న (నల్లగొండ నుంచి):
పెద్దలకు నమస్కారం. 145 మెగాహెర్ట్జ్ కోసం మూడు ఎలిమెంట్ల (కడ్డీల) యాగీని, అంటే సిగ్నల్‌ను ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెనాను, అల్యూమినియం గొట్టాలతో ఇంట్లోనే తయారుచేశాను. అది నా పాత గ్రౌండ్‌ప్లేన్ యాంటెనా (నిలువు కడ్డీ, దాని అడుగున రేడియల్స్ అనే పక్క కడ్డీలు) కంటే ఎన్ని డెసిబెల్స్ మెరుగో తేల్చుకోవాలని, వరికోతలు అయ్యాక, పానగల్ ఉదయ సముద్రం చెరువు దిగువ పొలాల్లో అర కిలోమీటరు దూరాన తమ్ముణ్ణి హ్యాండ్‌సెట్‌తో నిలబెట్టి, ఇటునుంచి 5 వాట్లతో ప్రసారం చేశాను. ఏ యాంటెనా పెట్టినా సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయంటున్నాడు. లోపం యాంటెనాలో ఉందా, నా పద్ధతిలో ఉందా?

జవాబు 1 (మిర్యాలగూడ):
పద్ధతిలోనే ఉంది తమ్ముడూ. 5 వాట్లంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే శక్తి). ఆ దూరానికి ఖాళీ ప్రదేశంలో నష్టం సుమారు 70 డెసిబెల్స్. నేల ప్రతిఫలనం వల్ల మరో 25 పోయినా మైనస్ 58 డీబీఎం చేరుతుంది. వీహెచ్‌ఎఫ్‌లో (మీ 145 మెగాహెర్ట్జ్ ఉన్న శ్రేణిలో) ఎస్-9, అంటే మీటరు మీద బలమైన సిగ్నల్ గుర్తు, మైనస్ 93 డీబీఎం మాత్రమే, కాబట్టి గీతలు నిండక ఏమవుతాయి? రిసీవరుకు ముందు స్టెప్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తెలిసిన మెట్లలో తగ్గించే పరికరం) పెట్టి, రెండు యాంటెనాలకూ మీటరు ఒకే గీత దగ్గర ఆగేలా తిప్పండి. ఆ రెండు అటెన్యుయేటర్ అంకెల తేడాయే మీకు కావలసిన జవాబు. మీటరును నమ్మవలసిన పని ఇక ఉండదు. అయితే ప్లాస్టిక్ హ్యాండ్‌సెట్ ఒంటిలోంచి సిగ్నల్ నేరుగా చొరబడుతుంది కనుక దాన్ని మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి, ప్రసార శక్తిని కూడా తగ్గించండి.

జవాబు 2 (మహబూబ్‌నగర్):
పై సలహాకు ఒక్క మాట కలుపుతాను, నా దృష్టిలో ఇదే అసలు కీలకం. ఇంత దూరంలో నేరుగా వచ్చే తరంగం, నేలను తాకి వచ్చే తరంగం దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందువల్ల యాంటెనా ఎత్తు రెట్టింపైతే సిగ్నల్ సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మీ యాగీ నుంచి ఆశించదగిన లాభమే డైపోల్ (రెండు సమాన చేతుల మామూలు యాంటెనా) మీద 5 డెసిబెల్స్ అటూఇటూ! కాబట్టి రెండింటినీ ఒకే వెదురు బొంగుకు, ఒకే ఎత్తులో కట్టండి. గ్రౌండ్‌ప్లేన్ నిలువు పోలరైజేషన్‌ది (దాని తరంగం నిలువుగా ఊగుతుంది) కనుక యాగీ ఎలిమెంట్లూ నిలువుగానే ఉండాలి. రిసీవరును అర మీటరు చొప్పున జరుపుతూ కొన్ని చోట్ల కొలిచి సగటు తీయండి. 11 కేవీ తీగలకు, బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలకు దూరంగా ఉండండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా. పోలికకు గ్రౌండ్‌ప్లేన్ సరిపోతుందా?

జవాబు 2:
డైపోల్ మేలు. గ్రౌండ్‌ప్లేన్ లాభం రేడియల్స్ వంపును బట్టి మారుతుంది, డైపోల్‌ది 2.15 డీబీఐ (అన్ని దిక్కులకూ సమానంగా పంపే ఊహాత్మక యాంటెనాతో పోలిస్తే డెసిబెల్స్) అని అందరికీ తెలిసిందే. మొత్తం పొడవు సుమారు 98 సెంటీమీటర్లు ఉంచి, మధ్యలో ఫీడ్ ఇచ్చి (కేబుల్ కలిపి), కేబుల్‌ను లంబకోణంలో వెనక్కి కనీసం ఒక మీటరు తీసుకెళ్లాకే కిందికి దించండి.