సాన్ ఆంతోనియోకి రెండు గంటలే అన్నారు, బస్సు రాత్రంతా చూపిస్తోంది

హరిత: అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఎయిరిస్ నుంచి సాన్ ఆంతోనియోకి బస్సు కోసం పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నా. అందరూ రెండు గంటల దారే అంటారు, టికెట్ సైటులో మాత్రం రాత్రంతా ప్రయాణం. పోనీ బుక్ చేద్దామంటే డీఎన్‌ఐ నంబరు అడిగి ఆగిపోతోంది. గౌచోల (అక్కడి పశువుల కాపరి రౌతుల) రోడియో, అదే గుర్రాల పోటీ, చూడాలి. ఎవరైనా దారి చూపండి, తల పగిలిపోతోంది.

సుధాకర్: ఏ సాన్ ఆంతోనియో? ఏ తేదీ?

రమణ: రోడియో అనకండమ్మా. అక్కడ 'రోదెఓ' అంటే మేసే పశువులను ఒకచోటికి తోలి పోగుచెయ్యడం. మీరు చూడబోయేది హినెతెయాద. ఎగిరెగిరి పడే గుర్రం మీద రౌతు నిలవాలి. జీను లేకుండా ఎక్కే పోటీలో 8 సెకన్లు. దాంతోపాటు సొర్తీహా తప్పకుండా చూడండి. కమానుకి వేలాడదీసిన చిన్న ఉంగరాన్ని గుర్రం దౌడులో ఉండగానే పుల్లతో గుచ్చి తీసుకుపోతారు. గుర్రం మెడ ఏమాత్రం పక్కకి తిరిగినా పుల్ల గురి తప్పుతుంది.

హరిత: ఆరేకో అండి, ఇంకేది ఉంటుంది? ఈ ఆదివారం, సంప్రదాయ దినం పండగకి.

సుధాకర్: ఉంది. మీకు వస్తున్నది సాన్ ఆంతోనియో ఓయెస్తె. రియో నెగ్రో రాష్ట్రంలో, వెయ్యి కిలోమీటర్ల పైన. 'సాన్ ఆంతోనియో దె ఆరేకో' అని పూర్తిగా కొట్టండి. 8వ నంబరు రహదారి, 113 కి.మీ.

పద్మజ: డీఎన్‌ఐ వాళ్ల దేశపు గుర్తింపు కార్డు. ఆ పెట్టె పక్కనే ఉన్న బాణం నొక్కితే 'పాసపోర్తె' వస్తుంది. ముందు అది మార్చి, తర్వాత నంబరు వెయ్యండి. అయినా మన బ్యాంకు కార్డు తీసుకోకపోతే బ్వేనస్ ఎయిరిస్‌లోని రెతీరో బస్టాండు పై అంతస్తులో కౌంటర్లున్నాయి, అసలు పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. రాకపోకలు రెండూ ఒకేసారి కొనండి, పండగ ఆదివారం సాయంత్రం తిరుగు బస్సులు నిండిపోతాయి. టికెట్ మీద ప్లాట్‌ఫారం ఒకటే ఉండదు, 'ఇంతనుంచి ఇంతవరకు' అని ఉంటుంది. అసలు నంబరు తెర మీద ఆఖర్న పడుతుంది, అక్కడే నిలబడండి. ఇంకోటి, వాన పడితే పండగ వాయిదా వేస్తారు, శనివారం రాత్రే ఊరి మున్సిపాలిటీ పేజీ చూసుకోండి.

హరిత: అమ్మ మాంసం ముట్టదు. ఎంపనాదాలు (అక్కడి కజ్జికాయల్లాంటివి) తినొచ్చా?

పద్మజ: 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అని అడిగితే గొడ్డుమాంసం ఒక్కటే మానేసి కోడో, పంది మాంసపు హామో పెడతారు. జున్ను (చీజ్) పెట్టినవి అడిగినా పిండిలో కొవ్వు కలుపుతారు, 'గ్రాసా వకూనా' (గొడ్డు కొవ్వు) ఉందా అని అడగండి. నిప్పుల మీద కాల్చిన ప్రొవొలేతా జున్ను, సలాడ్ నయం. ప్రొవొలేతాని వేరే పెనంలో చెయ్యమనండి.

కిరణ్: రమణగారూ, హినెతెయాదని దోమా అనే కదా అందరూ అనేది?

రమణ: కాదు బాబూ. దోమా అంటే పనికి పనికొచ్చేలా పచ్చి గుర్రాన్ని మచ్చిక చేయడం, నెలల పని. హినెతెయాద సెకన్ల పోటీ.

కిరణ్: మరి కోర్దోబాలో హెసూస్ మరియా పండగ పేరులోనే దోమా ఉందిగా? అక్కడ జరిగేది ఈ సెకన్ల పోటీలే.

హరిత: ఆరేకో దొరికింది, ఆదివారం పొద్దున బస్సు. థాంక్సండీ.

రమణ: పేరులో ఉన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు కిరణ్. మచ్చిక చేసే మనిషిని దొమదోర్ అంటారు, పోటీలో ఎక్కేవాణ్ణి హినేతె అంటారు.