బెకెలే ఇంక ఆపేయొచ్చు కదా? గాయాలతో ఎంతకాలం ఇలా?

కేబీఆర్_పరుగు:
మొన్న లాంగ్ రన్ అయ్యాక మా గ్రూపులో టీ దగ్గర మొదలైన వాదన ఇంకా వాట్సాప్‌లో నడుస్తూనే ఉంది, అక్కడ తేలేలా లేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. విషయం ఇథియోపియా రన్నర్ కెనెనిసా బెకెలే. 2008 బీజింగ్‌లో 5,000, 10,000 మీటర్లు రెండూ గెలిచినప్పటి నుంచి నేను ఆయన అభిమానిని. మరుసటి ఏడాది బెర్లిన్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లోనూ రెండూ ఆయనవే. ఆ తర్వాత పిక్క గాయం, సీజన్లకు సీజన్లు పోయాయి. 10,000 మీటర్లలో అప్పటిదాకా ఓటమి ఎరగని మనిషి 2011లో దేగు వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో రేసు మధ్యలోనే ట్రాక్ దిగిపోయాడు.

మారథాన్‌కి వచ్చాకా అదే కథ. 2016 బెర్లిన్‌లో 2:03:03తో గెలుపు, 2017లో అదే బెర్లిన్‌లో మధ్యలో ఆగిపోయాడు, 2018 ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ అంతే, ఇంక అయిపోయిందని అందరూ అనుకున్నాక 2019లో మళ్లీ బెర్లిన్‌లోనే 2:01:41! కెన్యా రన్నర్ కిప్‌చోగే ప్రపంచ రికార్డు రెండంటే రెండు సెకన్లలో తప్పింది. 2020 లండన్‌లో ఇద్దరూ తలపడతారని ఎదురుచూస్తుంటే పిక్క పట్టేసి రెండు రోజుల ముందు తప్పుకున్నాడు. చివరికి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 2:12:24తో 39వ స్థానం.

మా గ్రూపులో ఒకాయన "పరువు ఉండగానే దిగిపోవాలి" అంటాడు. నాకు అలా అనాలనిపించట్లేదు కానీ గట్టిగా ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు. ఇంతకీ ఇది వయసా, గాయమా? ఈ స్థాయి వాళ్లకి ఆపేయడం ఎందుకంత కష్టం? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిగా_చెప్తా:
మీ గ్రూపు ఆయన కరెక్ట్ బ్రో. అభిమానం వేరు, లెక్క వేరు. ఒలింపిక్ మారథాన్‌కి ఒక దేశం నుంచి ముగ్గురే. పారిస్‌లో ఇథియోపియా మొదట తీసుకున్న ముగ్గురిలో తమిరత్ తోలా లేడు, రిజర్వులో కూర్చున్నాడు. సిసాయ్ లెమ్మా గాయంతో తప్పుకుంటే ఆఖరి నిమిషంలో వచ్చి 2:06:26తో ఒలింపిక్ రికార్డు పెట్టి బంగారం పట్టుకుపోయాడు. లెమ్మా కాలు బాగుంటే తోలా ఇంట్లో కూర్చుని టీవీలో చూసేవాడు, బెకెలే మాత్రం 39వ స్థానంలో వచ్చేవాడు. పేరున్నవాడు పక్కకి జరగకపోతే నష్టపోయేది వెనకున్న కుర్రాడు. మన క్రికెట్‌లో చూడట్లేదా ఇదే!

పిక్కల_డాక్టర్:
పేరు చూసి మోసపోకండి, నేను ఫిజియోని, డాక్టర్ని కాదు. వయసా గాయమా అని అడిగారు కదా, ఆ రెండింటినీ విడదీయలేం, అసలు చిక్కు అక్కడే ఉంది.

గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం వయసుతో తగ్గుతుంది నిజమే, కానీ ఏళ్ల తరబడి ట్రైనింగ్ ఉన్నవాళ్లలో నెమ్మదిగానే తగ్గుతుంది. తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ వేగం తీసే పొదుపు నలభైల్లోనూ బాగానే నిలుస్తుంది. ముందు మొరాయించేది పిక్క, దాన్ని మడమకి కలిపే తాడు లాంటి అకిలీస్ టెండన్. వయసు పెరిగేకొద్దీ చీలమండ దగ్గర నేలని తన్నే బలం తగ్గుతుంది, అడుగు పొట్టిదవుతుంది, గాయాలు కూడా ఎక్కువగా మోకాలి కింద భాగానికే వస్తాయి. టెండన్‌కి రక్తం సరఫరా తక్కువ. దాని నడిమి భాగం ఎత్తు పెరగడం ఆగాక దాదాపుగా కొత్తగా తయారవదు. అణుబాంబు పరీక్షల కాలంలో గాలిలోకి చేరిన కార్బన్ టెండన్‌లో ఎంత ఉందో కొలిచి డెన్మార్క్ వాళ్లు 2013లో ఈ సంగతి తేల్చారు. అంటే పదిహేడేళ్లప్పుడు తయారైన తాడుతోనే నలభై దాటాక కూడా నీళ్లు తోడుతున్నట్టు.

ఇంకో విషయం. ఒకసారి చిరిగిన పిక్క మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ. రన్నర్లలో కొత్త గాయం ఎవరికి వస్తుందో ముందే చెప్పడానికి పాత గాయాన్ని మించిన గుర్తు లేదు. నొప్పి పోవడం ఒకటి, వారానికి 200 కిలోమీటర్లు మోయగలగడం ఇంకొకటి. నా దగ్గరికి వచ్చే మామూలు రన్నర్లు కూడా దీన్నే నమ్మరు. "మెట్లు ఎక్కితే నొప్పి లేదు మేడమ్" అని చెప్పి మర్నాడే ఇంటర్వెల్స్ (ఆగి ఆగి వేగంగా పరిగెత్తడం) చేస్తారు, ఇంకో వారానికి కుంటుతూ వస్తారు.

అందుకే బెకెలే లాంటివాళ్లకి రేసు పెద్ద సమస్య కాదు. రేసుకి ముందు మూడు నెలలు ట్రైనింగ్ తెగకుండా సాగాలి, అది దొరకట్లేదు. దొరికిన ఏడాది ఏం చేస్తాడో 2019లో చూశాం.

రైలుబండి:
తమ్ముడూ, నేను ఒకప్పుడు నేషనల్స్‌లో 5,000 మీటర్లు పరిగెత్తినవాణ్ని, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. మాకు రిటైర్మెంట్ అంటే పెద్ద ప్రకటన ఏమీ ఉండదు, ఒకరోజు క్యాంపుకి పిలుపు రాదు, మర్నాటి నుంచి డ్యూటీ చార్టులో అందరితో పాటు మన పేరూ ఉంటుంది. కాలు నొప్పి ఉన్నా కోచ్‌కి చెప్పేవాళ్లం కాదు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారు, ప్రమోషన్ ఆగుతుంది, ఊళ్లో చెల్లెలి పెళ్లి ఉంటుంది. మన గాయాల కథలో సగం ఇదే. డబ్బు సంగతి అడక్కుండా "ఎందుకు ఆపడు" అని అడగడం నాకు కొంచెం విడ్డూరంగా ఉంటుంది.

ఈ పెద్దవాళ్లకీ డబ్బు లెక్క ఉంటుంది, వేరే రకం అంతే. షూ కంపెనీ కాంట్రాక్టుల్లో ఏడాదికి ఇన్ని రేసులు పరిగెత్తాలని, లేకపోతే డబ్బు కోస్తామని రాసుకోవడం మామూలే. పేరున్నవాడు గెలవకపోయినా స్టార్ట్ లైన్ మీద నిలబడితే చాలు, నిర్వాహకులు డబ్బిస్తారు. అమెరికా రన్నర్ మెబ్ కెఫ్లెజిగి సంగతి చూడు. 2004 ఒలింపిక్స్‌లో వెండి, 2009 న్యూయార్క్ గెలుపు, మధ్యలో తుంటి ఎముక విరిగి మంచం పట్టాడు. 2011కి వచ్చేసరికి నైకీ కాంట్రాక్టు కొనసాగించలేదు, ముసలివాడైపోయాడనే కదా. స్కెచర్స్ తీసుకుంది. 2014లో, 39 ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, ఆ షూలతోనే బోస్టన్ గెలిచాడు, 2:08:37. ముందు ఏడాది అదే రేసులో బాంబులు పేలాయి, ఆ సందర్భంలో అమెరికన్ గెలవడం ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. 2011లో అందరి మాటా విని ఆపేసి ఉంటే?

ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీ అయితే ఆపాడు కూడా. 2010 న్యూయార్క్‌లో మోకాలు వాచి 16వ మైలు దగ్గర వంతెన మీద ఆగిపోయాడు, ప్రెస్ ముందు ఏడుస్తూ ఇంక రిటైర్ అన్నాడు. కొద్ది రోజులకే మనసు మార్చుకున్నాడు. చివరికి 2015లో మాంచెస్టర్‌లో 10 కిలోమీటర్ల రేసు పరిగెత్తి మానేశాడు, అంటే మొదటి ప్రకటన తర్వాత నాలుగున్నరేళ్లు. ఆయనకి హోటళ్లు, కాఫీ తోటలు, కార్ల వ్యాపారం అన్నీ ఉన్నాయి, డబ్బు కోసం పరిగెత్తాల్సిన అవసరం లేదు. బెకెలేకీ అడిస్ అబాబాలో హోటల్ ఉంది, ఆ దగ్గర్లోని సులుల్తాలో సొంతంగా ట్రాక్ కట్టించాడు. అయినా ఆపలేదంటే అది డబ్బు ఒక్కటే కాదని నువ్వే అర్థం చేసుకో. పొద్దున నాలుగున్నరకి లేవడానికి ఒక కారణం ఉండటం అనేది ఎంత గట్టి అలవాటో మానేసిన మాలాంటివాళ్లకి తెలుసు. నాకు ఇప్పటికీ అలారం అక్కర్లేదు, లేచి ఏం చెయ్యాలో తెలీక పేపర్‌వాడి కోసం గేటు దగ్గర నిలబడతా.

లండన్_లక్ష్మి:
@సూటిగా_చెప్తా, మీరు 39వ స్థానం ఒక్కటే చెప్పారు, దానికి నాలుగు నెలల ముందు ఏం జరిగిందో వదిలేశారు. 2024 ఏప్రిల్‌లో లండన్ మారథాన్ రోజు నేను రోడ్డు పక్కనే ఉన్నా. చివరి మైళ్లలో ముందు ఇద్దరే, అలెగ్జాండర్ ముటీసో, బెకెలే. ముటీసో 2:04:01, ఈయన 2:04:15. 41 ఏళ్ల వయసులో! నలభై దాటినవాళ్లలో అప్పటికి ఎవరూ పరిగెత్తని టైమ్ అది. అంతకుముందు డిసెంబర్‌లో వాలెన్సియాలో 2:04:19 తీశాడు. టీమ్‌లో చోటు పాత పేరు మీద ఇవ్వలేదండీ, ఈ టైమ్‌లు చూసి ఇచ్చారు. అదే పారిస్‌లో కిప్‌చోగే నడుం నొప్పితో 30 కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు, ఆ రేసు దారిలోని కొండలు అంత కష్టం.

ఇక "పరువు ఉండగానే" అనే మాట. దాంట్లో చూసేవాళ్ల సుఖమే ఎక్కువ కనిపిస్తుంది నాకు. మన జ్ఞాపకం చెడకూడదని వాళ్ల పని వాళ్లు మానుకోవాలా? బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌ని తీసుకోండి. 2003లో ఇక్కడే 2:15:25 కొట్టింది, ఆ రికార్డు 2019 దాకా ఎవరూ ముట్టుకోలేదు. 2012లో సొంత దేశంలో ఒలింపిక్స్, పాదంలో కీలు అరిగిపోయి ఆఖరి వారంలో తప్పుకుంది, ఆపరేషన్ అయింది, మళ్లీ పరిగెడుతుందో లేదో తెలీదన్నారు. 2015లో లండన్ మళ్లీ పరిగెత్తింది, 2:36:55. తన రికార్డు కన్నా 21 నిమిషాలు ఎక్కువ. ఎవరైనా పరువు పోయిందన్నారా? దారి పొడుగునా జనం ఆవిడ కోసం అరుస్తూనే ఉన్నారు. 2025లో టోక్యో, బోస్టన్ రెండూ పరిగెత్తింది, రెండూ మూడు గంటల లోపే.

అమెరికా రన్నర్ షలేన్ ఫ్లానగన్‌ది ఇంకో దారి. 2017 న్యూయార్క్ గెలిచింది, తర్వాత రెండు మోకాళ్లూ పాడై 2019లో స్పష్టంగా రిటైర్ అని చెప్పేసి కోచింగ్‌లోకి వెళ్లిపోయింది. ఆపరేషన్లయ్యాక 2021లో ఒకే సీజన్‌లో ఆరు మేజర్లూ (ప్రపంచంలోని పెద్ద మారథాన్లు) మూడు గంటల లోపు పూర్తి చేసింది (టోక్యో వాయిదా పడింది కాబట్టి ఆ ఒక్కటీ అమెరికాలోనే). పోటీ నుంచి తప్పుకోవడం, పరుగు మానేయడం రెండూ ఒకటి కావు. నన్నడిగితే బెకెలేకి కష్టమైంది ఇక్కడే, ఆయనకి ముందుంటే రేసు, లేకపోతే లేదు. బాగా వెనకబడితే ఆగిపోయి కారెక్కే మనిషి అంటారు ఇక్కడి రన్నర్లు. అందుకే పారిస్‌లో 39వ స్థానంలో అయినా చివరిదాకా వచ్చాడంటే నాకు ముచ్చటేసింది.

సూటిగా_చెప్తా:
లండన్ టైమ్ సంగతి ఒప్పుకుంటా అక్కా, టీమ్‌లో ఉండాల్సిన టైమే. తోలా బయట ఉండటం మాత్రం ఒప్పుకోను. 2023 న్యూయార్క్ గెలిచినవాణ్ని రిజర్వులో కూర్చోబెట్టారు.

లండన్_లక్ష్మి:
దానికి తిట్టాల్సింది సెలెక్టర్లని కదా బాబూ, బెకెలేని కాదు.

కేబీఆర్_పరుగు:
అందరికీ థ్యాంక్స్. రైలుబండి గారూ, మీ పోస్ట్ మా గ్రూపులో పెడుతున్నా, ఏమనుకోకండి. అవసరం లేకపోయినా ఆపలేదన్న మాటకి ఇంక ఆయన దగ్గర జవాబుండదు. @పిక్కల_డాక్టర్ గారూ, మా స్థాయి ఎక్కడో ఉంది కానీ గ్రూపులో నలభై దాటినవాళ్లలో సగం మందికి అకిలీస్ నొప్పే. రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది, మొదలుపెడితే వస్తుంది. ఏం చెయ్యాలంటారు?

పిక్కల_డాక్టర్:
రెస్ట్ ఒక్కటే సరిపోదండీ, టెండన్‌కి బరువు అలవాటు చెయ్యాలి. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే సర్జన్‌కి ఇదే నొప్పి ఉంటే పై అధికారి ఆపరేషన్‌కి ఒప్పుకోలేదట, అలాగైనా తెగితే ఆపరేషన్ చేస్తారని మొండిగా పిక్కకి వ్యాయామం చేశాడు, తెగకపోగా నొప్పి తగ్గిపోయింది. 1998లో ఆయన పేపర్ వచ్చాక ప్రపంచమంతా అదే చేయిస్తున్నాం. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం ఆనించి, నొప్పి ఉన్న కాలితో మడమని మెల్లగా కిందికి దించాలి, పైకి రావడానికి రెండో కాలు వాడాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, కొంచెం వంచి మళ్లీ మూడుసార్లు, ఇదంతా రోజుకి రెండు పూటలు, 12 వారాలు. కొద్దిగా నొప్పి ఉన్నా పర్లేదు, తేలికైపోతే వీపుకి బ్యాగు తగిలించి బరువు పెంచండి. అందరికీ ఇన్ని అక్కర్లేదు, తక్కువతో సరిపోయేవాళ్లూ ఉన్నారు. నొప్పి మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంటే మాత్రం మెట్టు వద్దు, నేల మీదే చెయ్యండి. హఠాత్తుగా వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి నడవలేకపోతే ఇవేవీ చెయ్యకుండా వెంటనే ఆర్థోకి చూపించండి.