31 ఏళ్లకే కచేరీలు మానేసిన గ్లెన్ గూల్డ్: చేసింది సబబేనా?

మంద్రం:
1964 ఏప్రిల్ 10న కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ లాస్ ఏంజెలెస్‌లో కచేరీ చేశారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లే, పేరు మంచి ఊపు మీద ఉంది. ఆ తర్వాత 1982లో కన్నుమూసేదాకా మళ్లీ జనం ముందు కచేరీకి కూర్చోలేదు. రికార్డులు, రేడియో, టీవీ, రాతలు, అంతే. అది పారిపోవడమే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అది ఆయన చేసిన అన్నిటికన్నా నిజాయితీ గల పని అనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' సంపుటి మొదటి భాగంలో ఎ మైనర్ ఫ్యూగ్ (ఒకే స్వరాల వరసను పలు గొంతుల్లా ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) ఉంది. గూల్డ్ దాన్ని రికార్డు చేసినప్పుడు ఆరో టేకు (ఆరోసారి వాయించి రికార్డు చేసినది), ఎనిమిదో టేకు రెండూ బాగానే వచ్చాయి. కొన్ని వారాలు పోయాక తీరిగ్గా వింటే రెండూ మార్పు లేక విసుగనిపించాయట. ఆరోది మరీ గంభీరం, ఎనిమిదోది మరీ హుషారు. అదృష్టం కొద్దీ రెండింటి నడకా ఒక్కటే. దాంతో మొదలూ చివరా ఆరో టేకులోంచి తీసుకుని, నడిమి భాగం ఎనిమిదోదాన్నుంచి తెచ్చి అతికారు. మొదటి అతుకు పద్నాలుగో తాళ విభాగంలో, అంటే పద్నాలుగో బార్‌లో ఉందని ఆయనే 1966లో రాశారు. చోటు తెలిసి విన్నా నా చెవికి అందలేదు. వేదిక మీద ఈ రెండో ఆలోచనకు చోటెక్కడుంది? అక్కడ చెయ్యి జారితే జారిందే.

పేజీలు తిప్పినవాణ్ణి:
మంద్రం గారూ, మీ చెవికి అతుకు అందకపోవడమే నాకున్న ఇబ్బంది.

చాలా ఏళ్ల కిందట ఒక కచేరీలో పియానిస్టు ఎడమ పక్కన కూర్చుని నోట్స్ పేజీలు తిప్పే పని నాకు పడింది. అంత దగ్గరగా కూర్చుంటే వినిపించేవి వేరు. పెడల్ వదిలినప్పుడు లోపల తీగల మీద ఫెల్టు వాలే మెత్తటి చప్పుడు. కష్టమైన చోటు రాబోయే ముందు ఆవిడ ముక్కుతో గట్టిగా పీల్చిన ఊపిరి. నెమ్మదైన భాగంలో ఒక స్వరం దగ్గర హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైతే, ఆవిడ ఆ స్వరాన్ని ఇంకాస్త నిలబెట్టింది. ముందురోజు రిహార్సల్లో అలా చేయలేదు. ఆ నిలుపు జనం ఇచ్చిందే.

పియానిస్టు మరియా జువాన్ పిరేష్ వీడియో చూసే ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో జనం ముందే ఆర్కెస్ట్రా మొజార్ట్ డి మైనర్ కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానిస్టు వాయించే రచన) మొదలుపెట్టింది. ఆవిడ సిద్ధమై వచ్చింది ఇంకో కాన్చెర్టోకి. ముఖం పాలిపోయింది, తల చేతుల్లో పెట్టుకుంది. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ రికార్డో షైయీ వాయిద్యాలు ఆపకుండానే 'మీకు వచ్చు, వాయించగలరు' అని ధైర్యం చెబుతూ ఉన్నాడు. తన వంతు రాగానే వాయించేసింది, జ్ఞాపకం మీద. అది ఏ టేకులో దొరుకుతుంది చెప్పండి?

నడిమి సి:
వాదన మీ ఇద్దరి మధ్యే తిరుగుతోంది గానీ, బతుకుతెరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. గూల్డ్ 1955 జనవరిలో న్యూయార్క్‌లో మొదటి కచేరీ చేసిన మర్నాడే కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్లు కాంట్రాక్టు ఇస్తామన్నారు. మరుసటి ఏడాది ఆయన వాయించిన బాఖ్ 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్' రికార్డు విడుదలై ఇల్లిల్లూ చేరింది. అలాంటి అండ ఉన్నవాడికి స్టేజి వదిలే వీలుంటుంది. మిగతా పియానిస్టులకు కచేరీయే జీతం. ఆయన దారిని ఆదర్శంగా చూపిస్తే కుర్రవాళ్లకు అన్యాయం చేసినట్టే.

మంద్రం:
నడిమి సి గారి మాట నిజం. అందరూ అలా చేయాలని నేననను.

కానీ పేజీలు తిప్పినవారూ, వేదిక ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోకండి. పియానిస్టు హొరోవిట్జ్ పన్నెండేళ్లు కచేరీలు మాని, 1965 మే 9న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో మళ్లీ కూర్చున్నారు. మొదట్లోనే తప్పు స్వరం పడింది, అంత టెన్షన్. తర్వాత వచ్చిన రికార్డులో కొన్ని తప్పులు సరిదిద్దారు. దాన్ని లక్షలమంది 'లైవ్' అనే విన్నారు! గూల్డ్ కనీసం అతికానని తానే చెప్పుకున్నారు. 1955లో 'గోల్డ్‌బెర్గ్' మొదట్లో వచ్చే ఆరియాకి (పాటలాంటి నెమ్మదైన ముక్కకి) ఇరవై టేకులు పక్కన పెట్టి ఇరవై ఒకటోది ఉంచుకున్నారు. అదనపు భావం ఒక్కటి కూడా మిగలకూడదని. అది భయం కాదండీ, తపస్సు.

ఎడమచెయ్యి:
పియానిస్టు మార్తా ఆర్గెరిచ్‌ని మర్చిపోతున్నారు. ఒంటరిగా అనిపిస్తుందని ఆవిడ 1980ల మొదట్లో సోలో కచేరీలు దాదాపు మానేసింది. ఆర్కెస్ట్రాతో, స్నేహితులతో మాత్రం వేదిక మీదే కొనసాగింది. వదిలితే మొత్తం వదలాలని ఎక్కడా లేదు.

పేజీలు తిప్పినవాణ్ణి:
తపస్సు అన్నారు, ఆ మాట కాదనను. ఆ ఇరవై టేకుల ఓపిక నాకూ గౌరవమే. హొరోవిట్జ్ విషయంలో కూడా మీతోనే ఉన్నాను, దిద్దినదాన్ని లైవ్ అని అమ్మకూడదు. అయితే సోవియట్ పియానిస్టు రిక్టర్ 1958లో బల్గేరియా రాజధాని సోఫియాలో వాయించిన ముస్సోర్గ్‌స్కీ రచన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' వినండి. జనం దగ్గులు వినిపిస్తాయి, తప్పు స్వరాలూ ఉన్నాయి. అయినా ఇన్నేళ్లుగా జనం దాన్ని వదల్లేదు.

ఇంకొకటి, గూల్డ్ కథలోదే. 1957 మే నెలలో మాస్కోలో ఆయన మొదటి కచేరీకి హాలు సగం కూడా నిండలేదు. అక్కడ ఆయనెవరో పెద్దగా ఎవరికీ తెలియదు. విరామంలో జనం ఫోన్ల దగ్గరికి పరుగెత్తి తెలిసినవాళ్లందరికీ చెప్పారు. రెండో సగానికి హాలు కిక్కిరిసిపోయింది. ఆ ఫోన్లు చేసినవాళ్లు విన్నది ఏ అతుకూ లేని బాఖ్‌ని. మంద్రం గారూ, ఆ సాయంత్రం ఆ హాల్లో సీటు ఇస్తామంటే మీరు వద్దంటారా?