‘పొగచూరు’ అనే మాటను విస్కీకి వాడొచ్చా?

అందరికీ నమస్కారం. గ్రూపులో రోజూ చదువుతాను కానీ రాయడం తక్కువ. ఈసారి ఒక మాట కోసం వచ్చాను, కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను గ్లాస్గోలో ఉంటున్నాను, మాది తెనాలి దగ్గర పల్లె. మూడు నెలల క్రితం వరకు నాకు విస్కీ అంటే ఒకటే రుచి, పెళ్లి విడిదిలో ప్లాస్టిక్ గ్లాసులో సోడా, ఐసు నిండుగా పోసి చేతిలో పెట్టేది. ఇక్కడ మా పక్కింటి పెద్దాయన ఒక ఆదివారం నాలుగు చిన్న గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు పోసి, ముందు ముక్కుతో చూడు, తర్వాతే నోటితో అన్నాడు. నాలుగింటికీ పోలికే లేదు. అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకొని, రుచి చూసిన ప్రతిదాని గురించీ నాలుగు లైన్లు రాసుకుంటున్నాను.

మొదట ఇంగ్లీషులోనే రాశాను. అవన్నీ సీసా వెనక అట్ట మీద నుంచి ఎత్తుకొచ్చిన మాటల్లా ఉన్నాయి. హెదర్ పూల వాసన అని రాశాను, హెదర్ పువ్వు నేను ఎన్నడూ ముక్కు దగ్గర పెట్టుకోలేదు. అందుకని ఒక రాత్రి అదే బుక్కులో తెలుగులో మొదలుపెట్టాను, మాటలు వాటంతట అవే వచ్చాయి.

అమెరికా వాళ్ల బర్బన్ తీసుకోండి. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపలి వైపు కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ పెట్టాలని అక్కడి చట్టం. ఆ కాలిన చెక్కలోంచి వచ్చే వాసనకు నేను రాసుకున్నది ‘ఉండపాకం దాటి ముదురుతున్న బెల్లం, వెనకాల ఎండుకొబ్బరి’ అని. తర్వాత చదివితే ఓక్ చెక్కలో నిజంగానే కొబ్బరి వాసన ఇచ్చే లాక్టోన్లు ఉంటాయట, చాలా సంతోషమేసింది. రై అనే ధాన్యంతో చేసే రై విస్కీకి ‘ఘాటు, మిరియాల చారు’ అని రాశాను. ఇంగ్లీషులో కారానికీ మిరియానికీ మసాలాకీ కలిపి ఒకటే మాట, మనకు నాలుక మీద మండేది కారం, ముక్కుకెక్కేది ఘాటు. ఐర్లాండ్‌లో మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తని బార్లీ కూడా కలిపి, ఎక్కువగా మూడుసార్లు బట్టీ పట్టే రకం ఒకటుంది, దాని పక్కన ‘వెన్న’ అని ఒక్క మాటే రాశాను, అంతకంటే అక్కర్లేదనిపించింది. షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాలో ఉన్నవాటికి ఎండుద్రాక్ష, ఖర్జూరం. ఇంకా పీపాలోకి ఎక్కని, బట్టీలోంచి అప్పుడే దిగిన సరుకును ఒక డిస్టిలరీలో వాసన చూపించారు. అదైతే తడుముకోకుండా ‘పచ్చివాసన’ అని రాశాను. ఉల్లి అల్లం ముద్ద వేగుతుంటే పచ్చివాసన పోయేదాకా ఆగమంటారే, అదే అర్థంలో. స్కాట్లాండ్‌లో కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఉంటేగాని దాన్ని విస్కీ అనకూడదు. పచ్చివాసన పోవడానికి అన్నేళ్లు!

అన్నిటికంటే నచ్చింది వగరు. పాతికేళ్లు పీపాలో ఉన్న విస్కీ నాలుకను పట్టి లాగినట్టు ఉంటుంది, ఆ చెక్క గుణం. ఇంగ్లీషులో కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్ని వివరించడానికి కష్టపడతారు, చేదు అనుకొని పొరబడతారు. మనకు ఆరు రుచుల్లో అదొకటి. ఉగాది పచ్చట్లో మామిడిపిందె, పెరట్లో నేరేడుపండు, చిన్నప్పుడే తెలిసిపోతుంది.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపం విస్కీల దగ్గరే ఆగిపోయాను. లఫ్రాయిగ్, ఆర్డ్‌బెగ్, లగవూలిన్, ఈ మూడు డిస్టిలరీలూ ఆ దీవి దక్షిణపు ఒడ్డున పక్కపక్కనే ఉంటాయి. వీటికి వాడే బార్లీ మొలకల్ని పీట్ పొగ మీద ఆరబెడతారు. పీట్ అంటే బురద నేలల్లో నాచు సగం కుళ్లి వేల ఏళ్లుగా పేరుకున్న మట్టి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాలుస్తారు. ఆ పొగ తడి మొలకను పట్టుకొని సీసాదాకా వస్తుంది. మొదటిసారి లఫ్రాయిగ్ వాసన చూస్తే ఆస్పత్రిలో టింక్చర్, ఎండుచేప, తడిసిన బూడిద అన్నీ కలిసి వచ్చాయి. రెండోసారి ఇష్టపడ్డాను. ఇప్పుడు రోజూ దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆ వాసనకు ‘పొగచూరిన విస్కీ’ అని రాసుకున్నాను. అది సరైన మాటేనా? చెప్పండి.

జవాబు:
బాబూ, మాట అందంగా ఉంది కానీ ఒక చిక్కుంది. పొగచూరడం అనేది మన వాడుకలో ఎప్పుడూ లోపమే. పొగచూరిన గోడ, పొగచూరిన వాసాలు. కట్టెల పొయ్యి మీద పాలు పెట్టి ఏమరుపాటుగా ఉంటే పాలు పొగచూరాయంటారు, ఆ పాలతో కాఫీ తాగలేం. మీరేమో ఇష్టంగా, కోరి తెచ్చుకున్న వాసన గురించి చెబుతున్నారు. కావాలని పట్టించిన పొగకు వేరే మాట ఉండాలి.

జవాబు:
కమురు అనొచ్చా అన్నా? కమురు వాసన అంటాం కదా.

జవాబు:
కమురు కుదరదు తమ్ముడూ. వెంట్రుక కాలినా, నూనె మాడినా వచ్చేది కమురు. దాంట్లో మాడుతనం ఉంది. ఆయన చెప్పేది మంట లేని పొగ.

మొదట రాసినవారు:
మాస్టారూ, మీరన్నది నిజం, నేను అంత దూరం ఆలోచించలేదు. ధూపం అనుకున్నాను ఒకసారి. చంటిపిల్లలకు తలంటు పోశాక సాంబ్రాణి వేస్తారే, బోమోర్ అనే ఐలా విస్కీలో ఆ మెత్తదనం ఉంది. కానీ లఫ్రాయిగ్‌కు సాంబ్రాణి సరిపోదు, దానిలో మట్టి ఉంది.

జవాబు:
నేను ఈ సరుకు ఏనాడూ ముట్టలేదు, ముట్టను కూడా. మాట గురించి మాత్రం చెబుతాను. ఈ గ్రూపులో తాగుడు గురించి ఇంత ముచ్చటగా రాయడం నాకు కష్టంగా ఉంది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మా అమ్మ కూడా చీపురు పట్టుకొని మా ఊరి దుకాణం ముందు కూర్చుంది. ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా అనే మాట వింటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. మీరు పాకం, వెన్న, ఉగాది పచ్చడి అంటుంటే మా అమ్మ వంటింటి మాటల్ని సారా దుకాణంలోకి తీసుకెళ్తున్నట్టు అనిపించింది. కోపంతో రాయలేదు బాబూ, అనిపించింది చెప్పాను.

మొదట రాసినవారు:
అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు కష్టం కలిగించినందుకు క్షమించండి. మా మేనమామ తాగుడు వల్లే నలభై ఏళ్లకు పోయాడు. అందుకే మా ఇంట్లో దాని పేరెత్తేవాళ్లు కాదు. తెలుగులో తాగుడుకు తిట్లున్నాయి, ఏడుపు పాటలున్నాయి. గ్లాసులో ఉన్నదేమిటో చెప్పే మాటలు దొరక్కపోవడానికి కారణం అదేనేమో అని మీరు రాశాకే తట్టింది. ఆ మౌనం వెనక ఎంతమంది ఆడవాళ్ల బాధ ఉందో నాకు తెలుసు, దాన్ని తేలిక చేయను. నేను నేర్చుకుంటున్న పద్ధతిలో మాత్రం ఒక సాయంత్రానికి రెండు చెంచాలు, అరగంట వాసన. వంటింటి మాటలు వాడింది అవి గొప్పవని, నాకు రుచి నేర్పింది అవేనని.

జవాబు:
విస్కీ అనే మాట మూలం గురించి ఒక సంగతి చెబుతాను, అసలు చర్చ అక్కడ మొదలవ్వాల్సింది. గేలిక్‌లో ఉష్కె బెహ అంటే ప్రాణజలం, లాటిన్ ‘అక్వావైటే’కు అనువాదం. అందులో మొదటి ముక్క ఉష్కె అరిగి విస్కీ అయింది. ఆ ఉష్కె, ఇంగ్లీషు వాటర్, రష్యన్ వొదా, సంస్కృత ఉదకం అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. రెండో ముక్క బెహ కూడా అంతే, లాటిన్ వీటా, గ్రీకు బయోస్, మన జీవం, అన్నదమ్ములు. ముక్కకు ముక్క తెచ్చి గుణసంధి చేస్తే ‘జీవోదకం’. అనువాదం కూడా కాదండీ, చుట్టరికం. కుశోదకం, పాదోదకం అంటున్నప్పుడు మనం పలికే ఉదకమే స్కాట్లాండ్ సీసా మీద ఉంది.

ఇంకొకటి. 1494 నాటి స్కాట్లాండ్ రాజు ఖజానా లెక్కల్లో జాన్ కోర్ అనే సన్యాసికి అక్వావైటే చేయడానికి ఎనిమిది బోల్‌ల మాల్టు ఇచ్చినట్టు ఉంది, బోల్ అంటే వాళ్ల ధాన్యం కొలత. అప్పట్లో దాన్ని మందుగానూ వాడేవారు. మనం కూడా దీన్ని ‘మందు’ అనే అంటాం కదా! జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం వేసుకునేదీ మందే. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో డాక్టరు చీటీ మీద విస్కీ అమ్మేవారు, అక్కడ రెండు అర్థాలూ ఒకే సీసాలో కలిశాయి.

జవాబు:
మాల్ట్ అనే మాటను కూడా వదలకండి. అది మనకు పరాయి మాటేం కాదు, రాగి మాల్ట్ తాగని పిల్లలున్నారా. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. మీ బార్లీకి చేసేదీ అదే పని, వేయించే బదులు పొగ. బట్టీ పట్టడం అని రాశారు, మా వైపు సారా ‘కాయడం’ అంటాం, పాలు కాసినట్టే.

జవాబు:
మాది ఆదిలాబాద్. మా దిక్కు గోండు గూడేలల్ల ఇప్పపువ్వు ఎండబెట్టి కాస్తరు, పెండ్లికైనా, దేవర పూజకైనా అది ఉండాలె. దానికి పువ్వు వాసన, పొగ వాసన రెండూ ఉంటయ్. కట్టెల మంట మీద కుండలల్ల కాస్తరు కాబట్టి పొగ దానంతటదే ఎక్కుతది. దాన్ని మావోళ్లు తప్పు అనరు. కాబట్టి మాస్టారు అన్నట్టు పొగ అంటేనే లోపం అని నేను ఒప్పుకోను.

జవాబు:
అందరూ కట్టెల పొగ దగ్గరే ఆగిపోయారు. ఆ అబ్బాయి ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు అని రాశాడు చూడండి, నాకు వెంటనే పిడకలు కనిపించాయి. మాది గుడివాడ వైపు. మా అమ్మమ్మగారింట్లో పాలు పొయ్యి మీద కాచేవాళ్లు కాదు, దాలిలో పెట్టేవాళ్లు. నేలలో గుంట, అందులో పిడకలు, పైన మట్టి కుండ. మంట ఉండదు, పొద్దున పెడితే సాయంత్రందాకా నివురుగప్పి కాగుతూనే ఉంటుంది. పాలు ఎర్రగా అయ్యేవి, వేలెడు మందాన మీగడ. ఆ మీగడలో, ఆ పెరుగులో ఒక వాసన ఉండేది. దాన్ని ఎవరూ పొగచూరింది అనేవాళ్లు కాదు, దాలిపాలు అని అడిగి మరీ పోయించుకునేవాళ్లు. పాలు పొగచూరితే పారబోస్తాం, దాలిలో కాగితే దాచుకుంటాం. బాబూ, నీ విస్కీకి ‘దాలివాసన’ అని రాసి చూడు. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు, కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి.

జవాబు:
దాలి! ఎన్నేళ్లయిందమ్మా ఈ మాట విని. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కావాలని పట్టించిన పొగకు ఇదే మాట. మా పిల్లలకు దాలి అంటే తెలియదు, గ్యాసు పొయ్యి వచ్చాక గుంటలు పూడ్చేశాం.

మొదట రాసినవారు:
అత్తయ్యగారూ, మీ జవాబు చదివి వెంటనే లేచి లఫ్రాయిగ్ సీసా తీశాను. మా నాయనమ్మ ఇంట్లో దాలి ఉండేది, నాకు అయిదారేళ్లప్పుడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకుంటే టింక్చర్ వాసన కాస్త పక్కకు తప్పుకుంది, కింద అదే ఉంది. నివురు, ఆరిన పేడ, తియ్యటి మట్టి. పక్కింటాయన చెప్పినట్టు నాలుగు చుక్కలు నీళ్లు వేశాను, వాసన ఇంకా పైకి లేచింది. దీనికి కారణం ఉందట. పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ లాంటివి నీళ్లు కలిపినప్పుడు పైభాగానికి చేరతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. నా ముక్కుకు మాత్రం కుండ మీద మూత తీసినట్టు అనిపించింది.

బుక్కులో పొగచూరు కొట్టేసి దాలివాసన అని రాశాను. పొగచూరును పూర్తిగా వదల్లేదు, పొగ మరీ ఎక్కువై మిగతా రుచి కనపడనివాటికి ఉంచుకున్నాను, మాస్టారు చెప్పిన అర్థంలోనే.

పక్కింటాయనకు దాలి గురించి చెప్పాను. గుంట, పిడకలు, రోజంతా కాగిన పాలు అంటే ఆయన చాలాసేపు ఆలోచించి, వాళ్ల నాయనమ్మ ఇంట్లో కూడా పొయ్యిలో పీట్ రాత్రంతా ఆరిపోకుండా బూడిద కప్పి ఉంచేవారని, పొద్దున్నే ఆ నివురు కదిపి మళ్లీ రాజేసేవారని చెప్పాడు. దాలి, దాలి అని రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు.

ఇంకొక్క మాట బాకీ ఉంది. గుటక వేశాక నోట్లో నిలిచే రుచికి ఏమనాలి? ఉసిరికాయ తిని నీళ్లు తాగితే తియ్యగా తగులుతుందే, అలా వెనకాల వచ్చేది. నేను ‘కొసరుచి’ అని రాసుకుంటున్నాను.

జవాబు:
కొసరుచి బాగుంది అన్నా. కొసరు కూడా వినిపిస్తోంది అందులో.