హైస్కూల్ పిల్లలకు వాషింగ్టన్ డీసీ ట్రిప్పులు: నిజంగా స్పాన్సర్ చేసేవి ఏవి?

ప్రశ్న (గోదారి_ఫ్రిస్కో):
మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. "మీ పాప నామినేట్ అయింది" అంటూ బంగారు రంగు ముద్రతో ఒక కవరు వచ్చింది. వాషింగ్టన్‌లో లీడర్‌షిప్ ప్రోగ్రాం అట. ఫీజు వేలల్లో ఉంది, విమానం ఖర్చు వేరే, డిపాజిట్ వెంటనే కట్టాలంటున్నారు. కట్టొచ్చా? అసలు ఖర్చంతా వాళ్లే పెట్టుకుని తీసుకెళ్లే ట్రిప్పులు ఉన్నాయా? మాకింకా గ్రీన్ కార్డ్ రాలేదు, పాప హెచ్4 మీద (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) ఉంది.

జవాబు 1 (కోఆప్_మెంబర్):
స్పాన్సర్ చేసేవాళ్లు డిపాజిట్ అడగరండీ. మీకొచ్చింది అమ్మకం కవరు. డబ్బు కట్టినవాళ్లందరికీ సీటు దొరుకుతుంది కాబట్టి కాలేజీ అప్లికేషన్‌లో దానికి విలువ ఉండదు. ఊరు చూడటమే ముఖ్యమైతే మీరే తీసుకెళ్లండి. అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియంలకు, కాపిటల్ (అమెరికా కాంగ్రెస్ భవనం) టూర్‌కు టికెట్ డబ్బులేమీ లేవు.

ముందు మీ కరెంటు బిల్లు తీసి చూడండి. కంపెనీ కోఆపరేటివ్ (వాడకందార్లే యజమానులైన సంస్థ, క్లుప్తంగా కోఆప్) అయితే మీకు యూత్ టూర్ దారి ఉండొచ్చు. కోఆప్‌లు హైస్కూల్ పిల్లల్ని వాషింగ్టన్ పంపే ట్రిప్పు అది. 1957లో సెనేటర్‌గా ఉన్న లిండన్ జాన్సన్ చికాగోలో కరెంటు కోఆపరేటివ్‌ల సభలో మాట్లాడుతూ పిల్లల్ని రాజధానికి పంపమని చెప్పారు. 1964 నుంచి అది జాతీయ స్థాయిలో నడుస్తోంది. జూన్‌లో దాదాపు వారం రోజులు. ప్రయాణం, హోటల్, భోజనం అన్నీ కోఆప్ భరిస్తుంది.

మీ టెక్సస్ ఫ్రిస్కోలో ఒక కాలనీకి కోసర్వ్ ఉంటే పక్క కాలనీ ఆన్‌కోర్ లైన్ల మీద ఉండొచ్చు. కోసర్వ్ కోఆపరేటివ్, ఆన్‌కోర్ కాదు. జార్జియాలో కమ్మింగ్ వైపు సానీ ఇఎంసి ఉంది, అక్కడ ఇఎంసి అంటే కోఆపరేటివ్ అనే అర్థం. అన్ని కోఆప్‌లూ ఏటా పిల్లల్ని పంపవు కాబట్టి మీది పంపుతోందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి.

చాలామందికి తప్పిపోయేది గడువు దగ్గరే. ట్రిప్పు జూన్‌లో అయినా దరఖాస్తులు చాలాచోట్ల చలికాలంలోనే మూసేస్తారు. వసంతంలో అడిగితే మళ్లీ ఏడాది ఆగాలి. ఎక్కువ కోఆప్‌లు లెవెన్త్ గ్రేడ్ వాళ్లనే తీసుకుంటాయి, కొన్ని టెన్త్ వాళ్లనూ తీసుకుంటాయి. కరెంటు అద్దెలో కలిసి ఉండి, అకౌంట్ అపార్ట్‌మెంట్ వాళ్ల పేరున ఉంటే మీరు మెంబర్ కారు. మెంబర్ల పిల్లలకే అవకాశమనే చోట ఇది అడ్డమొస్తుంది.

వ్యాసం, ఇంటర్వ్యూ ఉన్నచోట "కోఆప్‌కీ ప్రైవేటు కరెంటు కంపెనీకీ తేడా ఏమిటి" అన్న ప్రశ్నకు పాప సిద్ధంగా ఉండాలి. కోఆప్‌లో వాడకందార్లే యజమానులు. బోర్డును వాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. మిగులు డబ్బు క్యాపిటల్ క్రెడిట్స్ పేరుతో మెంబర్ల ఖాతాలో జమై, తర్వాత తిరిగొస్తుంది. ఇది సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్లలు, నాయకత్వం గురించి బట్టీపట్టిన వాక్యాలు చెప్పేవాళ్ల కంటే ముందుంటారు.

జవాబు 2 (సివిక్స్_క్లాస్):
హెచ్4 సంగతి. సెనేట్ యూత్ ప్రోగ్రాం అని ఇంకొకటి ఉంది. 1962లో సెనేట్ తీర్మానంతో పుట్టింది, ఖర్చు హర్స్ట్ ఫౌండేషన్లది. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున, డీసీ వాళ్లూ విదేశాల్లోని సైనిక స్కూళ్ల వాళ్లూ కలిపి 104 మంది. మార్చిలో వారం రోజులు వాషింగ్టన్‌లో, పైగా 10,000 డాలర్ల స్కాలర్‌షిప్. కానీ దరఖాస్తు నాటికి సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ హోల్డర్ గానీ అయి ఉండాలి. హెచ్4 వాళ్లకు కుదరదు.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లూ ఇంకో మెలిక గమనించాలి. విద్యార్థి ఆ ఏడాది ఎన్నికై గానీ నియమితులై గానీ ఇతరులకు ప్రాతినిధ్యం వహించే పదవిలో ఉండాలి. మన పిల్లలు చాలామంది సొంతంగా ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టి, దానికి తామే ప్రెసిడెంట్ అని రాస్తుంటారు. ఆ పదవి ఇక్కడ లెక్కలోకి రాదు. స్టూడెంట్ కౌన్సిల్లో గెలిచిన చిన్న పదవి పనికొస్తుంది.

యూత్ టూర్‌కు నిబంధనలు ఏ కోఆప్‌వి ఆ కోఆప్‌వే, కాబట్టి వీసా సంగతి ముందే అడగండి.

జవాబు 3 (బస్సు_నంబర్_2):
ఎంపికయ్యాక పేరు దగ్గర జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, స్కూల్లో ఒక అక్షరమే ఉంటుంది, టికెట్ మీద ఇంకోలా పడుతుంది. దేశంలోపల విమానాలకు 18 ఏళ్లలోపు పిల్లల్ని టీఎస్ఏ (ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే సంస్థ) ఐడీ అడగదు. కానీ వైట్‌హౌస్ లాంటి చోట్ల పేర్లు ముందే పంపి సరిచూస్తారు. అందుకని మొదటి ఫారం నుంచే పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి.

కాపిటల్ లోపలికి తిండి, నీళ్లు తీసుకెళ్లనివ్వరు. ఖాళీ సీసా పర్లేదు, లోపల నింపుకోవచ్చు. 18 అంగుళాల వెడల్పు, 14 ఎత్తు, 8.5 లోతు దాటిన బ్యాగుతో వెనక్కి పంపేస్తారు. రోజూ వాడే మందులు ఫార్మసీ లేబుల్ ఉన్న డబ్బాలోనే పెట్టండి. శాకాహారమైతే గుడ్డు తింటారో లేదో కూడా ఫారంలో రాయాలి. జూన్ ఉక్కలో ఆర్లింగ్టన్ శ్మశానవాటికంతా నడక, కొత్త బూట్లు వద్దు.

గోదారి_ఫ్రిస్కో:
బిల్లు కోసర్వ్‌దే, అకౌంట్ మావారి పేరున ఉంది. మెయిల్‌లో ఏమని అడగాలి?

కోఆప్_మెంబర్:
నాలుగే ప్రశ్నలు. వచ్చే జూన్‌కు పంపుతున్నారా, ఏ గ్రేడ్ వాళ్లను తీసుకుంటారు, దరఖాస్తు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూస్తారు, హెచ్4 వాళ్లు అర్హులా. చివరిదానికి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.