గైడ్ ప్రైస్, ఓఐఆర్‌ఓ, ఆఫర్స్ ఓవర్... ఇంతకీ ఇల్లు ఎంతకిస్తారు?

రెడింగ్ నుంచి:

అందరికీ నమస్కారమండీ. హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చాం. ఇక్కడి అద్దెలు చూశాక ఇల్లు కొనేయడమే మేలనిపించింది. కానీ ఇళ్ల ప్రకటనలుండే రైట్‌మూవ్ సైట్ తెరిస్తే తల తిరుగుతోంది. ఒకే వీధిలో ఒక ఇంటికి గైడ్ ప్రైస్, పక్కదానికి ఆఫర్స్ ఇన్ ఎక్సెస్ ఆఫ్, ఎదురింటికి ఓఐఆర్‌ఓ. మన దగ్గరైతే ఎస్ఎఫ్‌టీకి ఇంత, పార్కింగ్‌కి ఇంత అని బిల్డర్ కాగితం మీద రాసిచ్చేస్తాడు. ఇక్కడ అసలు రేటు ఎలా తెలుస్తుంది? మా బడ్జెట్ 3,50,000 పౌండ్లు. మియాపూర్ ఫ్లాట్ అద్దె కూడబెట్టి డిపాజిట్ సిద్ధం చేసుకున్నాం. ఇంగ్లండ్‌లో ఇదే మొదటి ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీ 2,500 పౌండ్లే అవుతుందని ఏజెంట్ అన్నాడు.

మిల్టన్ కీన్స్ నుంచి:

తమ్ముడూ, ఆస్కింగ్ ప్రైస్ అంటే అమ్మేవాళ్లు అడిగే ధర, అంతే. దానికి ఎవరూ కట్టుబడక్కర్లేదు. ఓఐఆర్‌ఓ అంటే ఆ చుట్టుపక్కల అని. కాస్త తగ్గించి అడిగినా మొహం మాడ్చుకోరు. ఆఫర్స్ ఇన్ ఎక్సెస్ ఆఫ్, ఓఐఈఓ, ఆఫర్స్ ఓవర్ మూడూ ఒకటే, ఇక్కణ్నుంచి పైకి పాడండి అని. అయినా ఆ ఇల్లు నెలల తరబడి అలాగే పడి ఉంటే మొహమాటపడకుండా తక్కువకే అడుగు. పీఓఏ అని ఉంటే ఫోన్ చేసి ధర కనుక్కోమని. మన బడ్జెట్‌లో అవి ఉండవులే.

గైడ్ ప్రైస్ దగ్గర మాత్రం కాస్త ఆగు. మామూలు అమ్మకంలో అది ఆస్కింగ్ ప్రైస్‌కి ఇంకో పేరే. వేలంలో అయితే వేరే కథ. ఇంతకు తక్కువైతే ఇవ్వం అని అమ్మేవాళ్లు లోపల అనుకునే రిజర్వ్ ధర గైడ్ కంటే 10 శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు. సుత్తి పడిందంటే కొన్నట్టే. 10 శాతం అక్కడికక్కడే కట్టాలి, మిగతాది సాధారణంగా 28 రోజుల్లో. 'మోడర్న్ మెథడ్' వేలమైతే కొనేవాడి నెత్తిన రిజర్వేషన్ ఫీజు కూడా పడుతుంది.

అసలు రేటు ఏజెంట్‌ని అడిగి లాభం లేదు. ఇక్కడ అతనికి కమీషన్ ఇచ్చేది అమ్మేవాళ్లే, మన బ్రోకర్‌లా రెండు వైపులా తీసుకోడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి ఏ ఇల్లు ఎంతకు పోయిందో ల్యాండ్ రిజిస్ట్రీ లెక్కల్లో ఉంటుంది. రైట్‌మూవ్‌లోనే సోల్డ్ ప్రైసెస్ నొక్కి ఆ వీధి పేరు కొట్టు. రిజిస్ట్రేషన్‌కి ఒక రేటు, చేతికిచ్చేది ఇంకో రేటు అనే గొడవ ఇక్కడ లేదు కాబట్టి ఆ అంకెల్ని నమ్మొచ్చు.

ఆఫర్ ఒప్పుకున్నారని సంబరపడకు. సంతకాలైన కాంట్రాక్టులు ఇరువైపులా ఇచ్చిపుచ్చుకునేదాకా అంతా 'సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్', అంటే ఎవరూ కట్టుబడక్కర్లేదు. ఈలోగా ఎవరైనా ఎక్కువిస్తానంటే అమ్మేవాళ్లు అటు తిరగొచ్చు. దాన్నే గజంపింగ్ అంటారు, చట్టం అడ్డు చెప్పదు. ఒప్పుకున్న రోజే ఇంటిని మార్కెట్‌లోంచి తీసేయమని మెయిల్ పెట్టు.

ఎడిన్‌బరా నుంచి:

మా స్కాట్లాండ్‌లో ఎక్కువగా ఆఫర్స్ ఓవరేనండీ. అమ్మేవాళ్లే ముందుగా హోమ్ రిపోర్ట్ చేయించి పెడతారు, అందులో సర్వేయర్ కట్టిన విలువ ఉంటుంది. పోటీ ఉంటే ఒక తేదీ పెట్టి, అందరి ఆఫర్లూ సొలిసిటర్ల (లాయర్ల) ద్వారా రహస్యంగా తీసుకుంటారు. బ్యాంకు చూసేది హోమ్ రిపోర్ట్ విలువనే. ఆ పైన పాడింది మొత్తం మన జేబులోంచే.

మీ ఇంగ్లండ్‌లో ఆ విలువ ఆఫర్ పెట్టాకే తెలుస్తుంది, అందుకే టెన్షన్ ఎక్కువ. మీరు 3,65,000కి పాడారనుకోండి, 10 శాతం డిపాజిట్ అంటే 36,500. బ్యాంకు 3,50,000కే విలువ కడితే అందులో 90 శాతం, అంటే 3,15,000 మాత్రమే ఇస్తుంది. మీరు తేవాల్సింది 50,000 అవుతుంది. ఆ తేడాకి డబ్బు లేకపోతే ధర తగ్గించమని మళ్లీ అడగాలి. చాలామంది అమ్మేవాళ్లు ఎంతో కొంత దిగొస్తారు, ఇంకో కొనుగోలుదారు వచ్చినా అదే బేరం తప్పదని వాళ్లకీ తెలుసు.

మిల్టన్ కీన్స్ నుంచి:

అవన్నీ సరే తమ్ముడూ, మియాపూర్ ఫ్లాట్ ఎవరి పేరున ఉంది?

రెడింగ్ నుంచి:

నాదీ మా ఆవిడదీ, ఇద్దరి పేరా ఉందన్నా. అది ఇండియాలో కదా?

మిల్టన్ కీన్స్ నుంచి:

ఎక్కడున్నా ఇల్లు ఇల్లే. ప్రపంచంలో ఏ మూలనైనా ఒక ఇల్లు సొంతమై ఉంటే స్టాంప్ డ్యూటీలో ఫస్ట్ టైమ్ బయ్యర్ (మొదటిసారి కొనేవాళ్ల) రాయితీ రాదు. దానికి తోడు ఆ ఫ్లాట్ విలువ 40,000 పౌండ్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే రెండో ఇంటి కింద ధర మొత్తం మీద అదనంగా 5 శాతం. ఇప్పుడున్న రేట్లతో 3,50,000 ఇంటికి లెక్క వేసుకో. నిజంగా మొదటిసారి కొనేవాళ్లకు 2,500. రాయితీ లేకపోతే 7,500. ఆపైన ఈ 5 శాతం, అంటే 17,500. మొత్తం 25,000. ఇది బ్యాంకు లోన్‌లో కలవదు, విడిగా తేవాలి.

రెడింగ్ నుంచి:

అమ్మో! ఫ్లాట్ మొత్తం మా ఆవిడ పేరుకి మార్చేసి, ఇక్కడి ఇల్లు నా ఒక్కడి పేరున కొంటే?

మిల్టన్ కీన్స్ నుంచి:

ఈ ఉపాయం మనవాళ్లందరికీ వస్తుంది, పనిచేయదు. కాపురం చేస్తున్న భార్యాభర్తల్లో ఎవరికి ఇల్లున్నా ఇద్దరికీ ఉన్నట్టే. పైగా ఒకసారి సొంతిల్లు ఉన్నవాడివి, పేరు మార్చినా నువ్వు మళ్లీ ఫస్ట్ టైమ్ బయ్యర్‌వి కావు. నాన్నగారి పేరున ఉన్న ఇల్లు లెక్కలోకి రాదు. ఊళ్లో ఖాళీ ప్లాటు ఉన్నా ఫర్వాలేదు, అది ఇల్లు కాదు కాబట్టి.

ఒక దారుంది. ఇక్కడ కొనే రోజుకి ముందు మూడేళ్లలో ఎప్పుడైనా మీరు ఆ ఫ్లాట్‌లోనే కాపురం ఉండి, కొన్నాక మూడేళ్లలోపు దాన్ని అమ్మేస్తే, ఆ 17,500 వాపసు అడగొచ్చు. ముందు మాత్రం కట్టాల్సిందే. ఎప్పటినుంచి అద్దెకిచ్చారో ఆ అగ్రిమెంట్ తీసి చూసుకో. ఆఫర్ పెట్టేముందు ఈ విషయం సొలిసిటర్‌తో మాట్లాడు, ఏజెంట్‌తో కాదు.